రోజ్‌మేరీ మొక్క: వంటయందును వైద్యమునందును దాని యుపయోగము



కొంతకాలముగా మేము ఏ గ్రామమునకు పోయినను, సంఘపు సభ ముగిసిన పిమ్మట ఒకరిద్దరు సభ్యులు మమ్ము నిలిపి రోజ్‌మేరీ అను మొక్కను గూర్చి అడుగుచున్నారు. “ఆ నూనె రాచినచో రాలిన వెండ్రుకలు మరల మొలచునట, నిజమేనా అయ్యా?” అని కొందఱు అడుగుదురు. “నారు తామే యిచ్చి, ఆకు తామే కొందుమని చెప్పుచున్నారు. ఎకరము నాటవచ్చునా?” అని మఱికొందఱు అడుగుదురు. రెండును అడుగదగిన ప్రశ్నలే. మొదటిది ఆరోగ్యమునకు సంబంధించినది, రెండవది రొక్కమునకు సంబంధించినది. కావున ఈ నెల మాకు కేటాయించిన పుటలను ఆ మొక్కకే వినియోగించుచున్నాము.

మా అభిప్రాయమును ముందుగానే చెప్పెదము. రోజ్‌మేరీ మంచి మొక్క. పెరటిలో నాలుగు మొక్కలుండుట ఏ యింటికైనను మేలే. కాని అది నీరు నిలుచు నేలలో బ్రదుకదు. సర్వరోగములకును మందు కాదు. కొనువాడు నిశ్చయము కాకముందు అప్పుచేసి పొలములో నాటదగిన పైరు అంతకంటెను కాదు. ఇట్లు చెప్పుటకు గల కారణములను వరుసగా వివరించెదము.

మొక్క స్వరూపము

రోజ్‌మేరీ ఏటేట విత్తవలసిన పైరు కాదు. ఇది కొన్నేండ్లు నిలుచు పొద. సాధారణముగా మూడు నాలుగు అడుగుల యెత్తు పెరుగును. ఆకులు సూదులవలె సన్ననై, ఇంచుమించు అంగుళము పొడవుండును. పైవైపు ముదురాకుపచ్చగను, క్రిందివైపు తెల్లని నూగుతోను కనబడును. ఆకు అంచులు రెండును క్రిందికి మడిచినట్లు చుట్టుకొని యుండును. ఎండకాలమున తనలోని తడి ఆవిరియై పోకుండుటకు ఆ మొక్క చేసికొనిన యేర్పాటిది. ఈ ఆకును చూచిన మాత్రముననే, ఇది కరవునేలకు అలవాటుపడిన మొక్కయని గ్రహింపవచ్చును. ఆకును నలిపినచో కర్పూరమును నీలగిరి తైలమును కలిపినట్టి ఘాటైన వాసన వచ్చును. పూవులు చిన్నవి, లేతనీలపు వన్నె గలవి. తేనెటీగలకు అవి మిక్కిలి యిష్టము.

ఈ మొక్క మనకు క్రొత్తదైనను దీని బంధువులు మన పెరళ్లలోనే యున్నవి. తులసి, పుదీన, మరువము, వామాకు అనునవి యన్నియు ఈ కుటుంబములోనివే. తులసి లేతకొమ్మను వ్రేళ్ల నడుమ త్రిప్పి చూచినచో అది గుండ్రముగాక నాలుగు పలకలుగా నుండును. ఆకులు ఎదురెదురుగా జంటలై పుట్టును. పూవు పెదవులు విచ్చినట్లుండును. ఈ కుటుంబపు గుర్తులివి.

పేరును గూర్చి ఒక మాట. లాటిను భాషలో దీని పేరునకు కడలి మంచు అని అర్థము చెప్పుదురు. 1753లో లిన్నేయసు పండితుడు దీనికి రోస్మరైనస్ అఫిసినాలిస్ అని శాస్త్రనామ మొసగెను. అఫిసినాలిస్ అనగా మందుల అంగడిలో దొరకునది యని భావము. ఇది సాల్వియా అను జాతిలోనిదే యని 2017లో శాస్త్రజ్ఞులు నిర్ణయించి, సాల్వియా రోస్మరైనస్ అని పేరు మార్చిరి. తులసి పూవులో కేసరములు నాలుగు. సాల్వియాలోను రోజ్‌మేరీలోను రెండే. పాత పేరు నేటికిని సీసాలమీదను పుస్తకములలోను కనబడుచున్నది. రెండు పేర్లును ఒకే మొక్కవి. క్రొత్త పేరు చూపి క్రొత్త రకమని యెక్కువ ధర అడుగువారిని నమ్మవలదు.

పుట్టినిల్లు, అచటి వానలు

రోజ్‌మేరీ పుట్టినిల్లు మధ్యధరా సముద్రతీరము. స్పెయిను, దక్షిణ ఫ్రాన్సు, ఇటలీ, క్రొయేషియా, మొరాకో, ట్యునీసియా దేశములలో సున్నపురాతి కొండల వాలులయందు ఇది తనంతట తానే మొలచును. ఆ నేల బీదనేల. మట్టి పలుచన, రాళ్లు మెండు. పడిన వాన పడినట్లే జారిపోవును.

ఇచ్చట మన రైతులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ దేశములలో వానకాలము చలికాలములోనే వచ్చును. వేడికాలము వానలేని కాలము. అనగా ఈ మొక్క వేళ్లకు తడి తగిలినప్పుడు చల్లగా నుండును, వేడి తగిలినప్పుడు పొడిగా నుండును. మన తెలుగునేలలో దీనికి తలక్రిందులు. జూను మొదలు అక్టోబరు వఱకు వేడియు తడియు కలిసియే వచ్చును. వెచ్చని తడిమట్టిలో వేరుకుళ్లు కలిగించు బూజులు విజృంభించును. పైకి ఆకు ఎండినట్లు కనబడును. రైతు నీరు చాలలేదనుకొని మఱింత నీరు పోయును. మొక్క చచ్చును. కాబట్టి మన యెండవలన చచ్చిన రోజ్‌మేరీ కంటె మన నీటివలన చచ్చినదే యెక్కువయని చెప్పవచ్చును.

ఈ కారణముచేతనే మన దేశమున ఇది చల్లని యెత్తు ప్రదేశములలో కుదురుకొన్నది. తమిళనాటి నీలగిరి కొండలలో చిన్న రైతులు దీనిని పెంచి ఆకు ఎండించి అమ్ముచున్నారు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న బెంగళూరులోను ఇది చక్కగా పెరుగును. కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థవారి బెంగళూరు పరిశోధనాస్థానమున దీని సాగును పరిశీలించియున్నారు. మన ప్రాంతములలో మదనపల్లె వైపు మెట్టలు, హార్స్లీ కొండ చుట్టుపట్లు దీనికి కొంత అనుకూలమని తలంపవచ్చును. అరకువైపు చల్లదనము కలదు గాని వానలు మెండు. అచట ఎత్తు మళ్లు లేక సాగదు. కృష్ణా గోదావరి డెల్టాల నల్లరేగడి భూములలో దీనిని నేలలో నాటుట వృథా. అచటివారు కుండీలో పెంచుకొనవలెను.

ఒక ద్వీపములోని సహకార సంఘము

మన సంఘ సభ్యులకు ఉపయోగపడు వృత్తాంత మొకటి ఈ మొక్క చరిత్రలో కలదు. ఆడ్రియాటిక్ సముద్రమున హ్వార్ అను ద్వీపమున్నది. నేడది క్రొయేషియా దేశములోనిది. అచట ఏటా సుమారు 2,700 గంటల యెండ కాయును. కొండలమీద రోజ్‌మేరీ మెండు. ఆ ద్వీపములోని వేలో గ్రాబ్లే అను కొండగ్రామపు వారు 1892లో రోజ్‌మేరీ నూనె తీయుటకై సహకార సంఘము నొకదానిని స్థాపించుకొనిరి. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది 1904లో. అంతకు పండ్రెండేండ్లకు ముందే ఆ కొండ రైతులు ఆకుమోపులు ఒకచోట చేర్చి ఉమ్మడిగా నూనె తీయుటకు పూనిరన్నమాట.

ఇట్టి పైరునకు సంఘమేల కావలెనో ఆలోచింపుడు. ఒక కుటుంబము కోసిన ఆకు బట్టీని నింపుటకు చాలదు. బట్టీ సగము నిండినను కట్టెల ఖర్చు ఇంచుమించు అంతయే. ఒక్కొక్కరు సీసాడు నూనె పట్టుకొని పోయినచో వర్తకుడు చెప్పినదే ధర. పలువురి సరకు ఒకచోట చేరినప్పుడు మాత్రమే బేరమాడుటకు అవకాశము కలుగును. ఈ లెక్క హ్వార్ ద్వీపమున నెంత నిజమో మన మండలములలోను అంతే నిజము.

తరువాతి కథయు తెలిసికొనదగినదే. ఇరువదవ శతాబ్దమున ఆ ద్వీపములో లావెండరు అను వేఱొక సువాసన మొక్క పైకి వచ్చెను, రోజ్‌మేరీ వెనుకబడెను. జీవనార్థము జనులు వలసపోగా వేలో గ్రాబ్లే గ్రామము చాలవఱకు ఖాళీయయ్యెను. వాసన సరకుల గిరాకీ వరి, జొన్నల గిరాకీ వంటిది కాదు. అది లోకుల అభిరుచినిబట్టి లేచును, దానినిబట్టియే పడును.

వంటయందు ఉపయోగము

మనకు కరివేపాకు ఎట్లో ఇటలీ గృహిణులకు రోజ్‌మేరీ అట్లు. అయినను రెంటికిని భేదము కలదు. కరివేపాకు గుప్పెడు వేసినను కూర చెడదు. రోజ్‌మేరీ ఎక్కువైనచో వంట చేదెక్కి మందువాసన కొట్టును. దీని ఆకు బిరుసు. నమలుటకు హాయిగా నుండదు. కాబట్టి కొమ్మను నిండుగా వేసి, ఉడికిన పిమ్మట తీసివేయుట మంచిది. ఆకులే వేయదలచినచో మెత్తగా తరుగవలెను.

దీని వాసన నీటిలో కంటె నూనెలోను క్రొవ్వులోను బాగుగా దిగును. అందుచేతనే ఐరోపావారు దీనిని వేటమాంసము, కోడి, బంగాళాదుంప, రొట్టె మొదలగువానితో చేర్చిరి. ఇటలీలోని జెనోవా ప్రాంతమున శనగపిండిని నీటితో జారుగా కలిపి, ఆలివు నూనె పోసిన పళ్లెరములో కాల్చు ఫరినాటా అను అట్టు కలదు. దానిమీద రోజ్‌మేరీ ఆకు చల్లుటయు వాడుకలో నున్నది. శనగపిండి మన యింట లేనిది కాదు గదా.

మన యింట మొదట ప్రయత్నింపదలచినవారు ఇట్లు చేయవచ్చును. అరకిలో బంగాళాదుంపలను ముక్కలు చేసి సగము ఉడికించి నీరు వంచవలెను. మూకుడులో రెండు మూడు చెంచాల నూనె కాచి, చితుకగొట్టిన వెల్లుల్లి రెబ్బలు నాలుగును, మూడంగుళముల రోజ్‌మేరీ కొమ్మ యొకటియు వేసి, వాసన రాగానే ముక్కలు వేసి సన్నని సెగమీద ఎఱ్ఱగా వేపవలెను. ఉప్పును మిరియాలపొడియు చల్లి, కొమ్మ తీసివేసి వడ్డింపవలెను. అరకిలోకు ఒక్క కొమ్మ చాలును.

ఈ ఆకునకు మఱియొక గుణము కలదు. నూనెలును క్రొవ్వులును గాలి తగిలి పాతబడినప్పుడు చెడువాసన వేయును. రోజ్‌మేరీ ఆకులోని కార్నోసిక్ ఆమ్లము మొదలగు పదార్థములు ఆ మార్పును ఆలస్యము చేయును. ఇది వట్టి నమ్మకము కాదు. ఐరోపా సమాజమువారు 2010లో రోజ్‌మేరీ సారమును ఆహారపదార్థములు చెడకుండ కలుపదగిన వస్తువుగా అంగీకరించి, ఇ 392 అను సంఖ్య నిచ్చిరి. పొట్లములమీద ఆ సంఖ్య కనబడినచో అది ఈ ఆకు సారమేయని తెలిసికొనవలెను.

అట్లని పచ్చి ఆకును నూనె సీసాలో వేసి నెలల తరబడి బయట నిలువ చేయరాదు. పచ్చి ఆకులోను వెల్లుల్లిలోను తడి యుండును. గాలి చొరని నూనెయడుగున ఆ తడిలో బొట్యులిజము కలిగించు ప్రాణాంతకమైన విషమును పుట్టించు సూక్ష్మజీవి పెరుగవచ్చును. ఆ విషమునకు రంగు లేదు, వాసన లేదు. నూనెలో వేయదలచినచో పూర్తిగా ఎండిన ఆకునే వేయవలెను.

వైద్యమునందు ఉపయోగము

ఇచ్చట మూడు మెట్లుగా విడదీసి చెప్పెదము: చిరకాలపు వాడుకచేత అంగీకరింపబడినవి, పరీక్షలు కొంతవఱకు జరిగినవి, ఆధారము చాలనివి.

మొదటి మెట్టు. అజీర్ణము, కడుపుబ్బరము, ప్రేగులలో తేలికపాటి నొప్పి, వీనికి రోజ్‌మేరీ ఆకు కషాయమును వాడుట ఐరోపాలో అనాదిగా నున్నది. ఐరోపా ఔషధ సంస్థవారు ఈ వాడుకను సంప్రదాయ వాడుకగా అంగీకరించిరి. ఎండిన ఆకు ఒకటి రెండు గ్రాములు, అనగా ఇంచుమించు ఒక చిన్న చెంచాడు, 150 మిల్లీలీటర్ల మరుగునీటిలో వేసి మూతపెట్టి, కొంతసేపటికి వడగట్టి దినమునకు రెండు మూడు సారులు త్రాగుట పద్ధతి. మూత పెట్టనిచో వాసనతోపాటు గుణమును ఆవిరియై పోవును. కండరముల నొప్పులకును కీళ్ల సలుపులకును ఆకు కాచిన నీటిని స్నానపు నీటిలో కలుపుటయు అట్టి అంగీకృతమైన వాడుకయే. సంప్రదాయ వాడుక యనగా చాలకాలముగా హాని లేక వాడుచున్నారని అర్థము. రోగము తప్పక కుదురునని పరీక్షలచే రుజువైనట్లు కాదు.

రెండవ మెట్టు. జ్ఞాపకశక్తికి రోజ్‌మేరీ మంచిదని పాశ్చాత్యులు ఏనాటినుండియో చెప్పుకొనుచున్నారు. ఆస్ట్రేలియా దేశమున ఏటా ఏప్రిలు 25వ తేదీన యుద్ధములలో మరణించినవారిని స్మరించుచు దీని కొమ్మను చొక్కాకు గ్రుచ్చుకొందురు. ఆచారము సరే, నిజమెంత? 2012లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 28 మంది వృద్ధులకు రోజ్‌మేరీ ఆకుపొడిని వేర్వేరు మోతాదులలో ఇచ్చి చూచిరి. 750 మిల్లీగ్రాములు, అనగా వంటలో వాడుకొనునంత, ఇచ్చినప్పుడు జ్ఞాపకమునకు తెచ్చుకొను వేగము కొంత మెరుగయ్యెను. 6,000 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు మెరుగగుటకు మాఱు తగ్గెను. ఇరువదియెనిమిది మందితో సిద్ధాంతము చేయరాదు. అయినను, కొంచెము మంచిదైనంత మాత్రమున ఎక్కువ మఱింత మంచిది కాదని ఈ పరీక్ష స్పష్టముగా హెచ్చరించుచున్నది.

వెండ్రుకల సంగతి. 2015లో ఇరాను దేశపు వైద్యులు బట్టతల వచ్చుచున్న నూఱుమందిని రెండు సమభాగములుగా చేసి, ఒక భాగమునకు రోజ్‌మేరీ నూనెయు, రెండవ భాగమునకు నూటికి రెండు పాళ్ల మినాక్సిడిల్ అను మందును ఆఱు నెలలు వాడించిరి. మూడు నెలలకు ఎవరికిని చెప్పుకొనదగిన మార్పు లేదు. ఆఱు నెలలకు రెండు భాగములవారికిని వెండ్రుకల సంఖ్య కొంత పెరిగెను. ఇది ఆశ కలిగించు ఫలితమే. కాని ఏ మందును వాడని మూడవ భాగము ఆ పరీక్షలో లేదు. పరీక్షయు ఒక్కటే. కాబట్టి కొంత మేలు చేయవచ్చును అనుటవఱకే న్యాయము. నెలలో జుట్టు మొలచునని చెప్పువాని మాట నమ్మరాదు.

మఱియు, ఆ పరీక్షలో వాడినది బట్టీలో తీసిన నూనె. అంగళ్లలో రోజ్‌మేరీ నూనెయని అమ్ముదానిలో చాలభాగము కొబ్బరినూనెయో మఱియొక నూనెయో యుండవచ్చును. సీసామీది అక్షరములు చదివి కొనవలెను. బట్టీనూనెను ఎన్నడును ఊరక తలకు రాయరాదు. నూఱు మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు ఒక మిల్లీలీటరు కలిపి, మొదట మోచేతి మడతలో కొంచెము రాచి ఒక దినము చూచి, మంట, దద్దుర్లు లేనిచో వాడవలెను. కంటికి తగులనీయరాదు.

మూడవ మెట్టు. మధుమేహము, పుట్టకురుపు, గుండెజబ్బు మొదలగువానిని ఇది కుదుర్చునని చెప్పుచున్నారు. ఇట్టి మాటలకు మూలము చాలవఱకు గాజుగొట్టములలోను ఎలుకలమీదను చేసిన పరిశోధనలు. మనుష్యులయందు అట్లు కుదిరినట్లు రుజువు కాలేదు. ఈ కషాయమును నమ్మి వైద్యుడిచ్చిన మందు మానుట ప్రాణములతో ఆటలాడుటయే.

జాగ్రత్తలు

బట్టీనూనెను లోపలికి పుచ్చుకొనరాదు. అందు కర్పూరపు పాలు కలదు. అది యెక్కువైనచో మూర్ఛలు రాగలవు. మూర్ఛరోగము గలవారు దీనికి దూరముగా నుండవలెను. పసిపిల్లల ముక్కునకును ముఖమునకును రాయనే రాదు. గర్భిణీస్త్రీలు వంటలో వేయు కొంచెము ఆకు తప్ప మందుమోతాదులో పుచ్చుకొనరాదు. పిత్తాశయములో రాళ్లున్నవారును, దినదినము మందులు వాడువారును వైద్యు నడిగి మాత్రమే కషాయము త్రాగవలెను.

పెంచు విధానము

విత్తనములనుండి పెంచుట శ్రమతో కూడిన పని. అవి ఆలస్యముగను తక్కువగను మొలచును. మొలచినవన్నియు ఒక తీరున నుండవు. కొమ్మ నాటుటయే సుళువు. పూయని లేతకొమ్మలను నాలుగు మొదలు ఆఱంగుళముల పొడవున కత్తిరించి, క్రింది సగభాగపు ఆకులు దూసివేయవలెను. మూడుపాళ్లు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల యెరువు కలిపిన మట్టిలో రెండంగుళముల లోతున గ్రుచ్చి, నీడలో నుంచవలెను. మట్టి చెమ్మగా నుండవలెనే గాని బురదగా నుండరాదు. నెలకో నెలన్నరకో వేళ్లు పుట్టును. వానలు వెనుకబట్టిన పిమ్మట, అక్టోబరు నవంబరు నెలలలో ఈ పని చేయుట మేలు. చలికాలమంతయు మొక్క కుదురుకొనుటకు వ్యవధి కలుగును.

నేలలో నాటునప్పుడు అడుగు ఎత్తుగల గట్లు కట్టి, గట్టుమీద అడుగున్నర యెడమున నాటవలెను. ఎఱ్ఱమట్టి, గులకమట్టి, సున్నపు పాలు గల నేలలు మంచివి. పశువుల యెరువు కొంచెము చాలును. యూరియా కుమ్మరించినచో కొమ్మలు ఏపుగా పెరుగును గాని ఆకులో వాసన తగ్గును. మొదటి వేసవిలో మధ్యాహ్నపు యెండకు కొంత నీడ కల్పింపవలెను. రెండంగుళముల లోతున మట్టి పొడిగా తగిలిన పిమ్మటనే నీరు పెట్టవలెను.

కోతలో ఒక మెళకువ కలదు. పచ్చని లేతభాగములో మూడవవంతుకు మించి కోయరాదు. ఆకు లేని ముదురు కొయ్యలోనికి కోసినచో ఆ కొమ్మ తఱచుగా మరల చిగురింపదు. పూత మొదలగు సమయమున ఆకులో నూనె మెండుగా నుండును. మంచు ఆరిన పిమ్మట, యెండ ముదురకముందు కోయవలెను.

కోసిన కొమ్మలను నీడలో, గాలి యాడుచోట, పలుచగా పరచి ఎండింపవలెను. ఎండలో వేసినచో రంగును వాసనయు రెండును పోవును. నాలుగు కిలోల పచ్చి ఆకు ఎండిన సుమారు ఒక కిలో యగును. నలిపిన గలగలమనునట్లు ఎండిన పిమ్మట కాడలు వేఱు చేసి, గాలి చొరని డబ్బాలలో చీకటిచోట నుంచవలెను.

నూనె తీయుట ఆవిరిచేత. బట్టీలో ఆకునడుమగా ఆవిరిని పోనిచ్చినచో అది నూనెను వెంటబెట్టుకొని పోవును. ఆ ఆవిరిని చల్లార్చిన నీరును నూనెయు వేఱగును. నూనె తేలిక గనుక పైకి తేలును. నూఱు కిలోల పచ్చి ఆకునకు అరకిలో మొదలు ఒక కిలో వఱకు నూనె రావచ్చును. నూనె గుణము పుట్టినచోటునుబట్టి మాఱును. మొరాకో, ట్యునీసియాల నూనెలో నీలగిరి తైలపు వాసన మెండు, స్పెయిను నూనెలో కర్పూరపు వాసన మెండు. కొనువాడు ఏ వాసన కోరునో ముందుగా తెలియక బట్టీ కట్టరాదు.

ఎకరము నాటవచ్చునా?

ఇక రెండవ ప్రశ్న. వెనుకటి సంవత్సరములలో సఫేద్ ముస్లి, కలబంద మొదలగు పైరులు వచ్చినప్పుడును ఇట్టి మాటలే విన్నాము. నారు అమ్మినవారికి లాభము నాటిన దినముననే వచ్చెను. నాటినవారిలో పలువురు ఆకు కొనువాడు వచ్చునని యెదురు చూచుచు కూర్చుండిరి. నారు అమ్మువాడును సరకు కొనువాడును ఒక్కడేయైనప్పుడు, అతనికి మొదటి వ్యాపారముననే గిట్టుబాటైపోయినచో రెండవ వ్యాపారమునకు రావలసిన యవసర మేమున్నది?

కాబట్టి అట్టివాడు వచ్చినప్పుడు సంఘపు కార్యవర్గము ఎదుట ఈ ప్రశ్న లడుగుడు. ఆకు కొనునది పచ్చిదా, ఎండినదా? కిలో ధర, తూకము జరుగు చోటు, సొమ్ము చెల్లించు గడువు ఒడంబడికలో వ్రాయుదురా? మొదటి వానకాలములో చచ్చిన మొక్కలకు పూచీ యెవరిది? ఇదివఱకు ఏయే గ్రామములలో కొన్నారు, ఆ రైతులను మేము పోయి చూడవచ్చునా? నారు ధరలో సగము ఇప్పుడు పుచ్చుకొని తక్కిన సగము మొదటి కోత సొమ్ములో పట్టుకొందురా? ఈ కడపటి ప్రశ్నకు వచ్చు సమాధానమే వారి మనస్సును బయటపెట్టును.

పట్టణమునకు దగ్గఱగా నుండి, మెట్టభూమి గలిగి, పచ్చి కొమ్మలను కట్టలుగా హోటళ్లకు అమ్ముకొనగల రైతు ఐదు సెంట్లలో మొదలుపెట్టుటలో తప్పు లేదు. అతడును పది మొక్కల చొప్పున పెంచుకొనుచు పోవుట మేలు. కొమ్మలతోనే మొక్కలు తయారగును గనుక నారు కొనుటకు అప్పు చేయ నక్కఱలేదు.

సంఘములకు మా సలహా యిది. ఈ నవంబరులో ఇరువది కొమ్మలు సంపాదించి, పది సంఘభవనపు ఆవరణలో ఎత్తు గట్టుమీదను, పది ఒక సభ్యుని మెట్టచేలోను నాటుడు. రాబోవు వానకాలమంతయు వానిని చూచుచుండుడు. వానలు పోయిన పిమ్మట ఎన్ని బ్రదికియున్నవో లెక్కించి సంఘపు పుస్తకములో వ్రాయుడు. ఆ లెక్క మీ నేల మీకు చెప్పిన మాట. అది చూచిన తరువాతనే ఎకరము మాట ఆలోచింపుడు. అంతవఱకు బ్రదికిన మొక్కల ఆకు సభ్యుల వంటిండ్లకు పనికివచ్చుచునే యుండును.